దగ్గితే భయం... నవ్వితే భయం!

"ఈ ఉత్తరం రాద్దామని మూడుసార్లు కాగితం తీసి, మూడుసార్లూ చింపేశాను. నాకు 46 ఏళ్లు. ముగ్గురు పిల్లలు. ముగ్గురూ మామూలు కాన్పులే. చిన్నవాడు పుట్టినప్పటి నుంచీ గట్టిగా తుమ్మినా, దగ్గినా ఒకటి రెండు చుక్కలు మూత్రం పడేది. అప్పట్లో పట్టించుకోలేదు. ఈ రెండేళ్లలో బాగా ఎక్కువైంది. నీళ్ల బిందె ఎత్తినా, గ్యాస్ బండ జరిపినా, ఆఖరికి నలుగురిలో కూర్చుని గట్టిగా నవ్వినా తడిసిపోతోంది. లోపల పాత చీర గుడ్డలు మడిచి పెట్టుకుంటున్నాను. వాసన వస్తుందేమోనని పూజ గదిలోకి వెళ్లడం తగ్గించేశాను. బస్సెక్కాలంటే ముందురోజు నుంచే నీళ్లు మానేస్తాను. మా వారికి కూడా చెప్పలేదు.

నాలుగు నెలల్లో మా అమ్మాయి పెళ్లి. పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి కదా! ఆ భయంతో మా తోటికోడలికి చెప్పుకున్నాను. ఆవిడ టౌన్లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కానింగ్ తీశారు. 'గర్భసంచి కొంచెం ఉబ్బింది. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది? తీసేస్తే ఈ మూత్రం బాధ కూడా పోతుంది. ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అయినా కావచ్చు' అన్నారు. నాకు నెలసరి సక్రమంగానే వస్తోంది. నొప్పి లేదు. అయినా వచ్చే నెలలో ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకున్నాం. డబ్బు కోసం నా గాజులు తాకట్టు పెడుతున్నారు మా వారు. ఆయనకి 'గర్భసంచి జబ్బు' అని మాత్రమే చెప్పాను. తీయించుకోమంటారా? వద్దంటారా? నా పేరు, ఊరు వేయకండి."

- ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

అమ్మా! మీ ఉత్తరం పత్రికలో అచ్చయ్యేదాకా ఆగితే ఆపరేషన్ రోజు దాటిపోతుందని నాకు భయం వేసింది. అందుకే ముందుగా మీ చిరునామాకే జవాబు రాశాను. కార్డయితే నలుగురి కళ్లా పడుతుందని కవరులో పెట్టి పంపాను. అందులో రాసిన మొదటి మాటే ఇక్కడా రాస్తున్నాను. దగ్గినప్పుడు మూత్రం పడుతోందన్న ఒక్క కారణానికి గర్భసంచి తీయించుకోవద్దు. గాజులు చేతికే ఉంచుకోండి. ఇంకో గైనకాలజిస్టుకి చూపించుకోకుండా ఆపరేషన్ బల్ల ఎక్కకండి.

మిగతా సోదరీమణులందరూ కూడా ఈ వారం ఈ శీర్షిక శ్రద్ధగా చదవండి. ఎందుకంటే ఈ ఉత్తరం రాసింది ఒక్కరే అయినా, రాయకుండా కాగితం చింపేసిన వాళ్లు ఇంకెందరున్నారో నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా నడుం నొప్పి అనో, నీరసం అనో మొదలుపెడతారు. అన్నీ అయిపోయాక, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెబుతారు.

అసలు ఎందుకిలా అవుతుంది?

మన పొత్తికడుపు అడుగున, ముందు ఎముక నుంచి వెనక వెన్ను చివరి దాకా కొన్ని కండరాలు పరుచుకుని ఉంటాయి. నవారు మంచం తెలుసు కదా! ఆ మంచం మీద పడుకున్నట్టుగా మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం ఈ కండరాల మీద ఆనుకుని ఉంటాయి. నవారు బిగువుగా ఉన్నంత కాలం ఏ ఇబ్బందీ ఉండదు. కాన్పుల వల్ల, వయసు వల్ల, బరువు వల్ల ఆ నవారు వదులైతే మంచం మధ్యలో దిగబడుతుంది.

మామూలుగా మనం దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి మూత్రాశయం మీద పడుతుంది. అదే క్షణంలో అడుగునున్న కండరాలు మూత్రం బయటికొచ్చే దారిని బిగించి పడతాయి. కండరాలు వదులైనా, ఆ దారి చుట్టూ ఉన్న పట్టు సడలినా దారి మూతపడే లోపలే నాలుగు చుక్కలు జారిపోతాయి. అంతే సంగతి! ఇందులో మన తప్పేం లేదు. సిగ్గుపడాల్సిందీ లేదు. మోకాలు నొప్పి ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

మామూలు కాన్పులయిన వాళ్లలో ఇది ఎక్కువ. అలాగని పెద్దాపరేషన్‌తో పిల్లల్ని కన్నవాళ్లకి రాదని కాదు. కడుపుతో ఉన్న తొమ్మిది నెలల బరువే కండరాల్ని కొంత సాగదీస్తుంది. ఒళ్లు ఎక్కువగా ఉండటం, ఏళ్ల తరబడి దగ్గు, ఉబ్బసం, మలబద్ధకంతో రోజూ ముక్కడం, ముట్లు ఆగిపోవడం... ఇవన్నీ దానికి తోడవుతాయి.

మరి గర్భసంచి తీసేస్తే?

ఇప్పుడు మీకే అర్థమైపోయి ఉంటుంది. లోపం ఉన్నది నవారులో. మంచం మీద పడుకున్న వాళ్లలో ఒకరిని లేపి పంపేస్తే నవారు బిగుసుకుంటుందా? బిగుసుకోదు. పైపెచ్చు గర్భసంచిని తీసేటప్పుడు చుట్టుపక్కల పట్టు కొంత దెబ్బతినవచ్చు. 2007లో స్వీడన్‌లో వేల మంది స్త్రీల వివరాలు పరిశీలించి ఒక నివేదిక వేశారు. గర్భసంచి తీయించుకున్న వాళ్లకి, తీయించుకోని వాళ్లతో పోలిస్తే, తర్వాతి కాలంలో ఈ మూత్రం జారే జబ్బుకే ఆపరేషన్ చేయించుకోవాల్సిన అవసరం రెట్టింపు కంటే ఎక్కువగా కనిపించింది.

గర్భసంచి తీయాల్సిన సందర్భాలే ఉండవని నేననను. మందులకు లొంగని అధిక రక్తస్రావం, పెద్ద పెద్ద గడ్డలు, బాగా కిందికి జారిపోవడం, క్యాన్సర్... వీటికి ఆ ఆపరేషన్ ప్రాణాలు నిలబెడుతుంది, బాధ తీరుస్తుంది. కానీ "పిల్లలు పుట్టేశారుగా" అన్నది జబ్బు పేరు కాదు. "కొంచెం ఉబ్బింది" అన్నదీ జబ్బు పేరు కాదు. ముగ్గురు పిల్లల తల్లికి గర్భసంచి కాస్త పెద్దదిగా కనిపించడం మామూలే. క్యాన్సర్ భయం ఉంటే దానికి వేరే పరీక్షలున్నాయి. గర్భసంచి ముఖద్వారం నుంచి దూదితో తుడిచినట్టు తీసే పరీక్ష ఐదు నిమిషాల పని.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర ఈ ఆపరేషన్ మరీ చవకైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు 3.3 శాతం. మన ఆంధ్ర, తెలంగాణ రెండింట్లోనూ అది 8 శాతం దాటింది! అనవసరపు ఆపరేషన్లు అరికట్టడానికి 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అంటే మీ ఒక్కరి ఇంటి సంగతి కాదిది.

ముందు ఏ రకమో తెలుసుకోండి

మూత్రం ఆగకపోవడం అంతా ఒకటే జబ్బు కాదు. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా పడేది ఒక రకం. మనం ఇప్పుడు చెప్పుకుంటున్నది అదే. ఇంకో రకం వాళ్లకి కుళాయి నీళ్ల చప్పుడు వింటే చాలు, ఉన్నట్టుండి తన్నుకొస్తుంది. బాత్‌రూమ్ దాకా వెళ్లే లోపలే అయిపోతుంది. ఇది మూత్రాశయం తొందరపాటు. దీనికి మందులు వేరు, వైద్యం వేరు. కొందరికి రెండూ కలిసి ఉంటాయి.

అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక పని చేయండి. మీరు పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీ తీసి, మూడు రోజుల పాటు రాయండి. ఏ టైముకి ఏం తాగారు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, ఎప్పుడు తడిసింది, అప్పుడు ఏం చేస్తున్నారు. ఈ ఒక్క కాగితం చూస్తే మాకు సగం జబ్బు తెలిసిపోతుంది.

డాక్టరు మూత్ర పరీక్ష చేయిస్తారు. చీము ఉంటే ముందు దానికి మందు వాడాలి. షుగర్ చూస్తారు. లోపల పరీక్ష చేసి గర్భసంచి గానీ, మూత్రాశయం గానీ కిందికి జారిందేమో చూస్తారు. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు దగ్గమంటారు. సిగ్గుపడకుండా దగ్గండి! పడితేనే కదా వాళ్లకు తెలిసేది. మీరు వాడే మందులన్నీ కూడా వెంట తీసుకెళ్లండి. బి.పి.కి వాడే ప్రాజోసిన్ లాంటి కొన్ని మాత్రలు మూత్రద్వారాన్ని సడలిస్తాయి. కొన్ని బి.పి. మాత్రలు పొడిదగ్గు తెప్పిస్తాయి. అలాగని మీ అంతట మీరు మానేయకండి. డాక్టరే మారుస్తారు.

ఖర్చులేని వైద్యం

ఆపరేషన్ కంటే ముందు చేయాల్సింది ఒకటుంది. వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు కాన్పుల తర్వాత వదులైన కండరాలకు దీన్ని చెప్పాడు. నేటికీ ప్రపంచమంతటా మొదటి వైద్యం ఇదే. పరిశోధనలన్నీ కలిపి చూసే కొక్రేన్ సంస్థ 2018లో ఇచ్చిన సమీక్షలో, దగ్గితే మూత్రం పడే స్త్రీలలో ఈ వ్యాయామం చేసిన నూరుమందిలో 56 మంది నయమైందని చెప్పారు. ఏమీ చేయని నూరుమందిలో 6గురే. చిన్న పరిశోధనలే అయినా తేడా చూశారా!

చేసే పద్ధతి చెబుతాను. ముందు ఆ కండరం ఏదో పట్టుకోవాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాసు పోకుండా బిగపట్టుకుంటాం చూడండి, సరిగ్గా అదే! వెనక ద్వారాన్ని, ముందు మూత్రద్వారాన్ని కలిపి లోపలికి, పైకి లాగినట్టు బిగించాలి. అప్పుడు పొట్ట బిగించకూడదు. తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. పక్కన కూర్చున్న వాళ్లకు మీరేం చేస్తున్నారో తెలియకూడదు. తెలిసిందంటే తప్పు చేస్తున్నారన్నమాట.

బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టండి. వదిలేయండి. మళ్లీ ఐదు అంకెల దాకా విశ్రాంతి. మొదట్లో మూడు అంకెలకే జారిపోవచ్చు, ఫరవాలేదు. వారాలు గడిచే కొద్దీ పది దాకా తీసుకెళ్లండి. ఇలా ఒక విడతకు కనీసం ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు. ప్రతి విడత చివర గబగబా బిగించి వదలడం ఒక పదిసార్లు. మొదట పడుకుని చేయండి. అలవాటయ్యాక కూర్చుని, తర్వాత నిలబడి చేయండి.

టైము లేదనకండి. పొద్దున పాలు పొంగేదాకా స్టౌ దగ్గర నిలబడే ఉంటారు కదా, అది ఒక విడత. మధ్యాహ్నం కుక్కర్ మూడు కూతలు వేసే లోపల రెండో విడత. రాత్రి పక్క మీద వాలాక మూడోది.

ఇంకో కిటుకు. తుమ్ము వస్తోందని ముక్కు చెబుతుంది కదా! ఆ అరక్షణంలో ముందుగా కింద బిగించి, అప్పుడు తుమ్మండి. దగ్గే ముందు, బిందె ఎత్తే ముందు, కుర్చీలోంచి లేచే ముందు కూడా అంతే. ముందు బిగింపు, తర్వాత పని. ఇది అలవాటైతే కొందరికి వారాల్లోనే తేడా తెలుస్తుంది.

కొందరు మూత్రం పోసే మధ్యలో ఆపి ఆపి వ్యాయామం చేస్తుంటారు. అది రోజూ చేయకండి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. కొందరు బిగించే బదులు కిందికి ముక్కుతారు. దానివల్ల ఉన్నది కూడా చెడుతుంది. అందుకే ఒక్కసారైనా డాక్టరు చేతగానీ, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు చేతగానీ సరిగ్గా చేస్తున్నారో లేదో చూపించుకోండి. అసలు కండరమే దొరకని వాళ్లకి చిన్న కరెంటు పరికరాలతో ఆ కండరాన్ని కదిలించి చూపిస్తారు.

ఇక ముఖ్యమైన మాట. కనీసం మూడు నెలలు చేయాలి. పది రోజులు చేసి "ఏం తగ్గలేదు డాక్టరుగారూ" అనకండి. ఆవకాయ పెట్టిన రోజే ఊరదు కదా!

ఇంట్లో మార్చుకోవాల్సినవి

నీళ్లు మానేయకండి. ఈ సోదరి లాగే చాలామంది చేసే తప్పు ఇదే. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట, చీము వస్తాయి. మలబద్ధకం పెరుగుతుంది, ముక్కాల్సి వస్తుంది, కండరం ఇంకా సడలుతుంది. రోజంతా సర్దుకుని ఆరేడు గ్లాసులైనా తాగండి. ఎండాకాలం ఇంకా కావాలి. తగ్గించాల్సింది కాఫీ, టీలు. రోజుకు ఐదారు తాగేవాళ్లు రెండుకి దించండి.

ఒళ్లు తగ్గించండి. 2009లో అమెరికాలో బరువెక్కువున్న 338 మంది స్త్రీలపై పరిశోధన చేశారు. ఆహార నియమం, వ్యాయామంతో ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గిన వాళ్లలో మూత్రం జారడం దాదాపు సగానికి, అంటే 47 శాతం తగ్గింది. 75 కిలోలున్న ఆవిడ 6 కిలోలు తగ్గడమన్నమాట. సన్నజాజి తీగలా అయిపోనక్కర్లేదు!

పీచు ఉన్నవి తినండి. తోటకూర, గోంగూర, చిక్కుడు, బీరకాయ, జామపండు, జొన్నరొట్టె, రాగి సంకటి... మన వంటింట్లోనే ఉన్నాయి. దగ్గును ఏళ్ల తరబడి నాననివ్వకండి, చూపించుకోండి. నిండు బిందె ఒక్కసారి మోసే బదులు సగం బిందె రెండుసార్లు మోయండి. గ్యాస్ బండ ఇంట్లో మగపిల్లల్ని జరపమనండి. వాళ్లకీ చేతులున్నాయి.

గుడ్డలు వాడేవాళ్లు తడిసిన వెంటనే మార్చండి. ఉతికి ఎండలో ఆరేయండి. తడితో తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. సబ్బుతో అదేపనిగా కడగకండి, మామూలు నీళ్లు చాలు. మూత్రం పీల్చడానికి విడిగా ప్యాడ్లు మందుల షాపుల్లో దొరుకుతున్నాయి. నెలసరి ప్యాడ్ల కంటే ఇవి ఎక్కువ పీల్చుకుంటాయి.

మందులున్నాయా?

ఈ రకానికి మాత్ర వేసుకుంటే మాయమైపోయే మందు లేదు. డ్యులోక్సెటిన్ అనే మాత్ర కొన్ని దేశాల్లో వాడతారు. అసలది మానసిక కుంగుబాటుకి ఇచ్చే మందు. కొంత తగ్గిస్తుంది గానీ వికారం, నిద్రలేమి లాంటివి వచ్చి చాలామంది మధ్యలోనే మానేస్తారు. అందుకని మొదటే ఇవ్వరు. ముట్లు ఆగిపోయి లోపల పొడిబారిన వాళ్లకి ఈస్ట్రోజన్ క్రీము లోపల రాసుకోమంటారు. మంట, తొందర తగ్గడానికి అది పనికొస్తుంది. డాక్టరు రాసిస్తేనే వాడాలి.

పెసరీ అని రబ్బరు రింగు లాంటిది ఒకటుంది. యోనిలో అమర్చుకుంటే మూత్రమార్గానికి కింది నుంచి దన్నుగా నిలుస్తుంది. ఆపరేషన్ వద్దనుకునే వాళ్లకి, ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్లకి బాగుంటుంది. సైజు చూసి డాక్టరే మొదటిసారి పెట్టాలి.

"లేజర్‌తో అరగంటలో నయం" అని ప్రకటనలు వస్తున్నాయి. వాటికి తొందరపడి డబ్బు పోయకండి. అలాంటి యోని లేజర్ పరికరాలను ఈ పనికి తాము ఆమోదించలేదనీ, కాలిన గాయాలు, నొప్పి వచ్చిన వాళ్లున్నారనీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది.

వ్యాయామంతో తగ్గకపోతే?

అప్పుడు ఆపరేషన్ ఆలోచించాలి. గర్భసంచికి కాదు, మూత్రమార్గానికి! ఇవి ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది టేప్. స్వీడన్ డాక్టరు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1990ల మధ్యలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మూత్రమార్గం కింద ఊయల గుడ్డలా సన్నటి ప్లాస్టిక్ వల పట్టీ వేస్తారు. చిన్న కోత, త్వరగా ఇంటికి వెళ్లొచ్చు. చాలామందికి మంచి గుణం ఇచ్చింది. అయితే కొందరిలో పట్టీ లోపల ఒరుసుకుని బయటపడటం, తగ్గని నొప్పి వచ్చాయి. పట్టీని పూర్తిగా తీయడం కష్టం. ఈ ఫిర్యాదుల మీద 2018లో ఇంగ్లండ్‌లో దీన్ని చాలావరకు నిలిపేశారు. అందుకని పట్టీ వేస్తామంటే లాభం, నష్టం రెండూ చెప్పించుకోండి.

రెండోది మన ఒంట్లోదే, పొట్ట గోడ నుంచి గానీ తొడ నుంచి గానీ తీసిన పొర పట్టీగా వేయడం. ప్లాస్టిక్ ఉండదు. కోత కాస్త పెద్దది. మూడోది బర్చ్ అనే డాక్టరు 1961లో చెప్పిన పద్ధతి. మూత్రాశయం మెడ దగ్గరి భాగాన్ని కుట్లు వేసి పైకి లాగి కడతారు. నాలుగోది మూత్రమార్గం గోడలోకి జెల్లీ లాంటి మందు ఇంజెక్షన్ చేసి ఉబ్బేలా చేయడం. తేలిక పనే గానీ గుణం కాలంతో తగ్గవచ్చు, మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు.

ఏ ఆపరేషన్ అయినా తర్వాత మూత్రం పోయడం కష్టమవడం, తొందర రావడం కొందరికి జరుగుతుంది. పిల్లలు ఇంకా కావాలనుకునే వాళ్లు కాన్పులయ్యేదాకా ఆగడం మంచిది.

వ్యాయామం గొప్పా, ఆపరేషన్ గొప్పా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2013లో నెదర్లాండ్స్‌లో జబ్బు ఓ మోస్తరుగా గానీ, ఎక్కువగా గానీ ఉన్న 460 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఏడాది తర్వాత ఆపరేషన్ జట్టులో నూటికి 90 మంది, వ్యాయామం జట్టులో 64 మంది మెరుగైందన్నారు. వ్యాయామం జట్టులో దాదాపు సగం మంది చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు. అంటే జబ్బు ముదిరిన వాళ్లకు ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. అదే సమయంలో మిగతా సగం మందికి కత్తి అవసరమే పడలేదు. ఆ సగంలో మీరుంటారో లేదో మూడు నెలలు చేసి చూస్తేనే తెలుస్తుంది.

వెంటనే చూపించుకోవాల్సినవి

మూత్రంలో రక్తం పడినా, జ్వరంతో మంట వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా, కింద ఏదో గడ్డలా చేతికి తగిలినా, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా ఆలస్యం చేయకండి. కష్టమైన కాన్పు తర్వాత గానీ, గర్భసంచి ఆపరేషన్ తర్వాత గానీ రాత్రీ పగలూ ఆగకుండా కారుతుంటే అది ఈ జబ్బు కాదు. మూత్రాశయానికి రంధ్రం పడి ఉండవచ్చు. దానికి వ్యాయామం పనిచేయదు. పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇంకో ఇద్దరి ప్రశ్నలు

"నాకు 27 ఏళ్లు. కాన్పయి రెండు నెలలు. దగ్గితే పడుతోంది. జీవితమంతా ఇంతేనా?" - నిజామాబాద్

కాదమ్మా. బాలింతల్లో చాలామందికి నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. కానీ దానంతటదే తగ్గుతుందని ఊరుకోకుండా ఇప్పుడే వ్యాయామం మొదలుపెట్టండి. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ ఒక విడత చేస్తే సరి. నడుముకి గుడ్డ బిగించి కట్టడం వల్ల ఇది తగ్గదు. బరువులు కొన్నాళ్లు ఎత్తకండి.

"మా అత్తగారికి 68 ఏళ్లు. బాత్‌రూమ్‌కి వెళ్లేలోపే చీర తడుపుకుంటారు. కావాలనే చేస్తున్నారేమోనని మా వారు కేకలేస్తున్నారు." - కర్నూలు

మీ వారికి ఈ పేజీ చూపించండి. ఈ వయసులో ఎవరూ కావాలని చీర తడుపుకోరు. ఆవిడది మూత్రాశయం తొందరపాటులా ఉంది. షుగర్, మూత్ర పరీక్ష చేయించండి. దీనికి మాత్రలున్నాయి. రెండు గంటలకోసారి, రాకపోయినా, వెళ్లి రమ్మనండి. రాత్రి దారిలో లైటు వేసి ఉంచండి. కంగారులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే మంచాన పడతారు.

చివరగా, పెళ్లి పనుల్లో ఉన్న మా సోదరికి...

నాలుగు నెలలంటే తక్కువ కాదమ్మా. ఇవాళే మొదలుపెడితే పెళ్లినాటికి మూడు నెలల వ్యాయామం పూర్తయి, ఇంకో నెల మిగులుతుంది. ఈలోగా జిల్లా ప్రభుత్వాసుపత్రిలో గానీ, వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ గైనిక్ ఓ.పి.లో చూపించుకోండి. ఆ స్కానింగ్ కాగితం వెంట తీసుకెళ్లండి. "గర్భసంచి ఎందుకు తీయాలి? తీయకపోతే ఏమవుతుంది? వేరే వైద్యం ఉందా?" - ఈ మూడూ అడగండి. అడగడం మీ హక్కు. నిజంగా తీయాల్సిన కారణం ఉంటే వాళ్లే వివరంగా చెబుతారు. అప్పుడు వేరే మాట.

పెళ్లి రోజున పీటల మీద కూర్చునే ముందు ఒకసారి బాత్‌రూమ్‌కి వెళ్లి రండి. ప్యాడ్ పెట్టుకోండి. నీళ్లు మానకండి, గుక్క గుక్కగా తాగండి. మధ్యలో లేవాల్సి వస్తే లేవండి. పురోహితుడుగారు ఐదు నిమిషాలు ఆగుతారు. అప్పగింతలప్పుడు ఏడుపొస్తే హాయిగా ఏడవండి, కింద బిగించి!

ఇంకొక్క మాట. మీ వారికి చెప్పండి. మీ గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధమైన మనిషి, మీ బాధ వినడానికి సిద్ధంగా ఉండరా? "గర్భసంచి జబ్బు" అని అబద్ధం చెప్పగలిగిన మీరు, "దగ్గితే ఆగట్లేదండీ" అని నిజం చెప్పలేరా? ఆ ఒక్క మాట ముందే బయటికొచ్చి ఉంటే ఆపరేషన్ దాకా వచ్చేదే కాదు.

నాలుగు నెలల తర్వాత నాకు ఇంకో ఉత్తరం రాయండి. ఈసారి కాగితం చింపకండి. శుభలేఖ కూడా పంపితే సంతోషం.